పోలీసులు "ఇది సివిల్ మ్యాటర్" అంటున్నారు. ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి?

తెనాలి_కుర్రాడు
29 అక్టోబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తెలిసినవాళ్లు ఎవరైనా దారి చూపిస్తారని రాస్తున్నాను.

మా నాన్న ఊళ్లో బాగా తెలిసినాయనకి 2,50,000 అప్పిచ్చారు. కూతురి పెళ్లికని అడిగితే కాదనలేకపోయారు. నూటికి రెండు వడ్డీ, ప్రోనోటు రాయించుకున్నారు. మొదటి ఏడాది వడ్డీ ఇచ్చాడు, తర్వాత ఆపేశాడు. "పంట చేతికి రానీ బావగారూ" అంటూ రెండేళ్లు గడిపాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడు. నాన్న వస్తున్నారని తెలిస్తే ఇంట్లో లేనని చెప్పిస్తాడు.

నాన్న ఆరు నెలలుగా పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతున్నారు. కాగితం తీసుకుంటారు, రేపు రమ్మంటారు. నిన్న మాత్రం "పెద్దాయనా, ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకి వెళ్లండి" అని తేల్చేశారట. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదని అమ్మ చెప్పింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఇక్కడినుంచి ఏమీ చేయలేక టెన్షన్ పడుతున్నాను.

డబ్బు తీసుకుని ఎగ్గొట్టడం మోసం కాదా? మోసమైతే అది క్రిమినల్ కేసు కాదా? మరి పోలీసులు ఎందుకు తీసుకోరు?

కృష్ణలంక_వాసి
29 అక్టోబర్, రాత్రి 10:05

తమ్ముడూ, సివిల్ కోర్టుకి వెళ్తే నీ పిల్లలు కాలేజీకొచ్చేదాకా వాయిదాలే. ఎవరైనా పెద్దమనిషి చేత స్టేషన్‌కి ఒక మాట చెప్పించు. ఆయన్ని పిలిచి కూర్చోబెడితే వారంలో డబ్బు కడతాడు. మా చిన్నాన్నకి అలాగే వచ్చింది.

నల్లకోటు
29 అక్టోబర్, రాత్రి 10:31

తెనాలి గారూ, నేను అడ్వొకేట్‌ని. ముందు ఒక్కటి చెప్పండి. ప్రోనోటు మీద తేదీ ఏముంది? మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

తెనాలి_కుర్రాడు
29 అక్టోబర్, రాత్రి 10:44

2022 అని గుర్తు మేడం. తేదీ నాన్నని అడిగి పొద్దున్నే చెప్తాను.

తెనాలి_కుర్రాడు
30 అక్టోబర్, ఉదయం 7:15

నాన్న బీరువాలోంచి తీసి ఫోటో పంపారు. నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో దాచారు. పైన "2022 నవంబరు 18వ తేదీ" అని ఉంది. "మీరు కోరినప్పుడు అసలు వడ్డీలు కలిపి చెల్లించగలవాడను" అని రాసి ఉంది. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా ఆయన సంతకం, కింద ఇద్దరు సాక్షులు, దస్తూరి రాసినాయన పేరు ఉన్నాయి. వెనకవైపు ఖాళీ.

నల్లకోటు
30 అక్టోబర్, ఉదయం 7:32

వెనక ఖాళీ అంటే చెల్లు, అంటే కట్టిన సొమ్ము వివరం, రాయలేదన్నమాట. అయితే జాగ్రత్తగా వినండి. అడిగినప్పుడు చెల్లించే ప్రోనోటు మీద దావా వేయడానికి నోటు తేదీ నుంచి 3 ఏళ్లే గడువు. 1963 నాటి లిమిటేషన్ చట్టం చెప్పేది అదే. మీ గడువు ఈ నవంబర్ 18తో అయిపోతుంది. ఈ రోజు 30. మీకు 19 రోజులున్నాయి. అది దాటితే నోటుకు కాలదోషం పడుతుంది. అప్పు నిజమే కావచ్చు, సంతకం ఆయనదే కావచ్చు, అయినా కోర్టు డిక్రీ, అంటే డబ్బు కట్టాలనే తీర్పు, ఇవ్వదు.

స్టేషన్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా ఈ గడువు ఆగదు. ఆ ఆరు నెలలూ దీంట్లో కలిసిపోయినట్టే. ఈ రోజే మీ ఊరికి దగ్గరి కోర్టులో ఒక మంచి సివిల్ ప్లీడర్‌ని కలవండి.

తెనాలి_కుర్రాడు
30 అక్టోబర్, ఉదయం 7:50

మేడం, నాకు చేతులు ఆడట్లేదు. మూడేళ్ల గడువుందని నాన్నకీ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆయన మొదటి ఏడాది వడ్డీ ఇచ్చాడు కదా, ఫోన్‌పేలో వేశాడు, నా దగ్గర స్క్రీన్‌షాట్లున్నాయి. దాంతో గడువు పెరగదా?

నల్లకోటు
30 అక్టోబర్, ఉదయం 8:20

పెరిగే వీలుంది. గడువులోపల కొంత సొమ్ము కట్టి, కట్టినట్టు బాకీదారు తన చేతిరాతతో గానీ సంతకంతో గానీ ఒప్పుకుంటే, ఆ రోజునుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. మన పెద్దలు నోటు వెనక "ఈ రోజు ఇన్ని రూపాయలు చెల్లు" అని రాయించి సంతకం తీసుకునేది అందుకే. ఫోన్‌లో వేసిన డబ్బుకు ఆ సంతకం ఎక్కడుంది, అది ఏ బాకీ కింద వేశాడు అని అవతలి ప్లీడరు లేవదీస్తాడు. 19 రోజులు చేతిలో ఉండగా ఆ వాదన మీద ఆధారపడొద్దు. స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంటు మాత్రం దాచండి, సాక్ష్యానికి పనికొస్తాయి.

ఇక మీ అసలు ప్రశ్న. మోసం అనేది నేరమే. పాత ఐపీసీలో 420 అని జనం నోట్లో నానిన సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318(4). కానీ తీసుకున్నది తిరిగి ఇవ్వకపోవడం ఒక్కటే మోసం అయిపోదు. తీసుకునే రోజునే ఎగ్గొట్టాలనే దురుద్దేశం ఉండాలి. సుప్రీంకోర్టు దీన్ని ఎన్నోసార్లు చెప్పింది. 2000లో హృదయ్ రంజన్ ప్రసాద్ వర్మ కేసు తీర్పు ఇప్పటికీ మేం కోర్టులో చూపిస్తాం. మీవాడు ఏడాదిపాటు వడ్డీ కట్టాడు. అంటే మొదటి రోజున ఎగ్గొట్టే ఉద్దేశం లేదని ఆయన ప్లీడరు తేలిగ్గా వాదిస్తాడు.

విశాఖ_కెరటం
30 అక్టోబర్, ఉదయం 11:10

నేను లా రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ చర్చ చాలా ఉపయోగంగా ఉంది. సివిల్ కోర్టు వేరు, క్రిమినల్ కోర్టు వేరు అని పుస్తకంలో చదివాను. మొన్న చూద్దామని మా దగ్గరి కోర్టుకు వెళ్తే రెండూ ఒకటే హాలు, జడ్జి కూడా ఒక్కరే. బయట బోర్డు మీద "జూనియర్ సివిల్ జడ్జి మరియు జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్" అని ఉంది. మరి వేరు ఎక్కడున్నట్టు?

పాత_బెంచిగుమస్తా
30 అక్టోబర్, మధ్యాహ్నం 2:48

విశాఖ బాబూ, నేను 31 ఏళ్లు జిల్లా కోర్టుల్లో పనిచేసి రిటైరయ్యాను. ఆ హాల్లో నేను చూసింది చెప్తాను.

మన దగ్గర కింది కోర్టుల్లో మనిషి ఒకరే, అధికారాలు రెండు. పది గంటలు దాటాక జడ్జిగారు కుర్చీలో కూర్చుంటారు. బంట్రోతు గుమ్మం దగ్గర నిలబడి పేర్లు పిలుస్తాడు. సీసీ నంబర్లు పిలుస్తున్నంతసేపూ ఆయన మేజిస్ట్రేటు. సీసీ అంటే క్యాలెండర్ కేసు, అంటే క్రిమినల్. ఎదురుగా ఏపీపీగారు, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, ప్రభుత్వం తరఫున నిలబడతారు. ముద్దాయి బోనులో నిలబడాలి. అవి అయ్యాక ఓఎస్ నంబర్లు మొదలవుతాయి. ఓఎస్ అంటే ఒరిజినల్ సూట్, మన దావా. అప్పుడు అదే కుర్చీలో అదే మనిషి సివిల్ జడ్జి. బోను ఖాళీ అవుతుంది. చాలాసార్లు వాదీ ప్రతివాదీ హాల్లోనే ఉండరు, ఇద్దరు ప్లీడర్లే మాట్లాడుకుంటారు.

ఈ చివరిది జనానికి తెలియక చాలా ఇబ్బంది పడతారు. సివిల్ దావాలో ప్లీడరుకు వకాల్తా ఇచ్చాక ప్రతి వాయిదాకూ మనం రానక్కర్లేదు, సాక్ష్యం చెప్పే రోజున వస్తే చాలు. క్రిమినల్ కేసులో ముద్దాయి ప్రతి వాయిదాకూ రావాలి, రాలేకపోతే ఆ రోజుకు గైర్హాజరు పిటిషన్ వేయించాలి. అది కూడా లేకపోతే వారంటు వస్తుంది. "ప్లీడర్ గారున్నారు కదా" అని ఇంట్లో కూర్చుని, మర్నాడు కానిస్టేబుల్ గుమ్మంలోకి వచ్చాక ఏడ్చిన వాళ్లను చూశాను. ఒక తల్లి నా బల్ల పట్టుకుని "నిన్న నాట్లున్నాయయ్యా, అందుకే మా వాడు రాలేదు" అని బతిమాలింది. నేను చేయగలిగింది ఏమీ లేదు, ప్లీడర్ దగ్గరికి పంపించాను. అది ఇప్పటికీ మనసులో ఉంది.

పైకి వెళ్తే సివిల్ వైపు సీనియర్ సివిల్ జడ్జి, ఆపైన జిల్లా జడ్జి. దావా ఎక్కడ వేయాలన్నది తగాదా విలువను బట్టి ఉంటుంది. క్రిమినల్ వైపు నేరాన్ని బట్టి, పడే శిక్షను బట్టి ఉంటుంది. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు 3 ఏళ్లకు మించి జైలు వేయలేరు. చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు 7 ఏళ్ల దాకా వేయగలరు. సెషన్స్ జడ్జి ఏ శిక్షయినా వేయవచ్చు, ఉరిశిక్ష వేస్తే మాత్రం హైకోర్టు ఖాయం చేయాలి. జిల్లా జడ్జీ, సెషన్స్ జడ్జీ కూడా ఒక్కరే. పొద్దున ఖూనీ కేసులో సాక్షులను విని, మధ్యాహ్నం పొలం దావా మీద అప్పీలు వింటారు.

ఖూనీ కేసు కూడా మొదట మేజిస్ట్రేటు దగ్గరికే వస్తుంది. అక్కడ దానికి మొదటి నమోదుగా పీఆర్‌సీ నంబరు వేస్తాం. కాగితాలన్నీ ముద్దాయికి ఇచ్చాక సెషన్స్‌కు కమిట్ చేస్తారు, అంటే విచారణకు పంపిస్తారు, అక్కడ సెషన్స్ కేసుగా ఎస్‌సీ నంబరు పడుతుంది. ఇది పుస్తకంలో ఒక లైను ఉంటుంది, ఆఫీసులో మాకు అదో పెద్ద పని.

విశాఖ_కెరటం
30 అక్టోబర్, సాయంత్రం 4:02

చాలా థ్యాంక్స్ సార్. ఇంత స్పష్టంగా క్లాసులో కూడా వినలేదు. మరి తహసీల్దారు కూడా మేజిస్ట్రేటే అంటారు. ఆయన ఎక్కడికి వస్తారు?

ఓరుగల్లు_ఆడబిడ్డ
30 అక్టోబర్, సాయంత్రం 6:25

దీనికి నేను చెప్తా, ఎందుకంటే మా ఇంట్లో అయ్యింది.

నాలుగేళ్ల కింద మా చెలక పక్కాయన రాత్రిపూట ట్రాక్టర్ పెట్టి ఒడ్డు చెక్కేసిండు. పొద్దున పోయి చూస్తే మా వైపు మూడు గజాలు లోపలికి వచ్చింది. మా అన్న, వాళ్ల కొడుకు కొట్టుకునేదాకా పోయింది. పోలీసులు రెండువైపులా మనుషులను తహసీల్దార్ ముందు హాజరుపరిచి బైండోవర్ చేసిండ్రు. ఏడాదిపాటు గొడవ చేయమని బాండు రాసిచ్చినం. తహసీల్దారు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు. ఆయన పని గొడవ జరగకుండా చూడడం. తప్పు ఎవరిది, భూమి ఎవరిది అని తేల్చడు.

మేము కూడా మొదట క్రిమినల్ కేసు పెడితే ఒడ్డు తిరిగొస్తదనుకున్నం. పెట్టినం, అక్రమంగా చొరబడ్డాడని ఎఫ్ఐఆర్ అయ్యింది. మా వకీలు మేడం అప్పుడే చెప్పింది: "ఈ కేసులో ఆయనకు శిక్షపడ్డా మీ హద్దు మీకు రాదమ్మా. హద్దు తేల్చేది సివిల్ కోర్టే." ఆమె ఇంజంక్షన్ దావా, అంటే పక్కాయన మా హద్దులోకి రాకుండా ఆపమనే దావా, వేయించింది. కోర్టు స్థలం చూసి రిపోర్టు ఇవ్వడానికి ఒక అడ్వొకేట్ కమిషనర్‌ను వేసింది. ఆయన సర్వేయర్‌తో వచ్చి గొలుసు పట్టి కొలిచిండు, రెండువైపులా అందరం ఎండలో నిలబడి చూసినం. ఆ రిపోర్టే మాకు ఆధారమైంది. క్రిమినల్ కేసు ఇప్పటికీ నడుస్తాంది.

తెనాలి అన్నా, మీ నాన్నకు ధైర్యం చెప్పు. మా బాపు కూడా అట్లనే తిండి మానేసిండు.

కృష్ణలంక_వాసి
30 అక్టోబర్, రాత్రి 8:11

అందరూ కోర్టు కోర్టు అంటున్నారు. సామాన్యుడికి కోర్టు ఫీజు, ప్లీడరు ఫీజు, రానుపోను ఖర్చులు ఎవరిస్తారు? స్టేషన్‌లో ఒక పూటలో తేలుతుంది. పనికొచ్చే మాట చెబితే ఎందుకు తప్పు పడుతున్నారు?

నల్లకోటు
30 అక్టోబర్, రాత్రి 9:20

మీ కోపం నాకు అర్థమవుతుంది, కోర్టు ఆలస్యం గురించి మీరన్నది అబద్ధం కాదు. నా క్లయింట్లకు నేనే వాయిదా తేదీలు చెప్పలేక తల దించుకున్న రోజులున్నాయి. కానీ స్టేషన్ పంచాయితీ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను.

అప్పు వసూలు చేసే అధికారం పోలీసులకు చట్టం ఇవ్వలేదు. ఆయన భయపడి కడితే సరే. కట్టకుండా హైకోర్టుకు వెళ్లి "సివిల్ తగాదాలో పోలీసులు వేధిస్తున్నారు" అని రిట్ వేస్తే అంతా అక్కడే ఆగిపోతుంది. పైగా స్టేషన్‌లో రాసుకున్న కాగితం మీద "బెదిరించి రాయించారు" అంటాడు. సివిల్ తగాదాలను క్రిమినల్ కేసులుగా మార్చి ఒత్తిడి తెచ్చే ధోరణి పెరుగుతోందని సుప్రీంకోర్టు 2006లోనే ఇండియన్ ఆయిల్ కేసులో గట్టిగా మందలించింది.

అలాగని నేరం కనబడుతున్నా "సివిల్" అని తోసేయడానికీ వీల్లేదు. 2013లో లలితా కుమారి కేసులో, కాగ్నిజబుల్ నేరం, అంటే వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం, కనిపిస్తే ఎఫ్ఐఆర్ రాసి తీరాలని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. వ్యాపార లావాదేవీలు, కుటుంబ తగాదాల్లాంటి వాటిలో మాత్రం ముందు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చంది. ఉదాహరణకు ఇదే మనిషి లేని పొలం ఉన్నట్టు దొంగ కాగితం చూపించి, అది నమ్మించి అప్పు తీసుకుని ఉంటే కచ్చితంగా నేరమే. అప్పుడు స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రాయవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వేయవచ్చు.

ఖర్చు సంగతి. జిల్లా కోర్టుల్లో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా ప్లీడర్‌ని ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి చూస్తారు. ఫోన్ నంబరు 15100. ఇది గోడ మీద రాసి ఉన్నా చదివేవాళ్లు తక్కువ, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

డాలస్_తెలుగు
31 అక్టోబర్, ఉదయం 5:55

నాదొక సందేహం, చాలా ఏళ్లుగా ఉంది. గుంటూరు దగ్గర మా పెద్దమ్మ కొడుకు లారీ ఢీకొని పోయాడు. డ్రైవర్ మీద క్రిమినల్ కేసు నడిచింది, చివరికి కొట్టేశారు. సాక్షులు డ్రైవర్‌ని సరిగ్గా గుర్తుపట్టలేకపోయారని విన్నాను. కానీ నష్టపరిహారం కేసులో మా వదినకు డబ్బు ఇవ్వమని తీర్పొచ్చింది. ఒకే యాక్సిడెంట్‌కి రెండు వేరు వేరు తీర్పులు ఎలా వస్తాయి? డ్రైవర్ తప్పు లేదన్నప్పుడు డబ్బు ఎందుకిచ్చారు? మా వదిన అయితే "నేను అబద్ధం చెప్పి డబ్బు తీసుకున్నట్టు ఊళ్లో అనుకుంటారేమో" అని బాధపడేది.

పాత_బెంచిగుమస్తా
31 అక్టోబర్, ఉదయం 9:30

డాలస్ బాబూ, మీ వదినగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి. ఆమె తీసుకున్నది న్యాయంగా వచ్చిన సొమ్ము.

క్రిమినల్ కేసులో ఒక మనిషిని జైలుకు పంపాలి. కాబట్టి అతనే చేశాడని అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి. కొంచెం సందేహం మిగిలినా దాని లాభం ముద్దాయికే. కొట్టేశారంటే "తప్పు జరగలేదు" అని కాదు, "ఇతనే చేశాడని అంత గట్టిగా రుజువు కాలేదు" అని. పరిహారం కేసు, అంటే మేం ఎంవీఓపీ అనేది, సివిల్ స్వభావం ఉన్నది. అక్కడ రెండువైపుల సాక్ష్యాన్ని తూకం వేస్తారు. ఏ వైపు మొగ్గు ఎక్కువుంటే అటు తీర్పు. లారీ వేగంగా వచ్చి గుద్దిందని తేలితే చాలు, బోనులో నిలబడినవాడి ముఖం సాక్షి గుర్తుపట్టాడా లేదా అన్నదాని మీద ఆ కేసు ఆగదు.

ఇంకోటి. క్రిమినల్ కేసు కాగితం మీద మీ వదిన పేరు పార్టీగా ఉండదు. ఒకవైపు ప్రభుత్వం, రెండోవైపు ముద్దాయి. మనం ప్రాసిక్యూషన్ సాక్షులం మాత్రమే, పీడబ్ల్యు 1, పీడబ్ల్యు 2 అంటారు. అందుకే "నా కేసు నేను వెనక్కి తీసుకుంటా" అన్నా కుదరదు. చట్టం రాజీకి ఒప్పుకున్న నేరాలే రాజీపడతాయి. జుర్మానా వేస్తే అది ప్రభుత్వానికి పోతుంది, బాధితులకు ఇవ్వాలని కోర్టు ప్రత్యేకంగా చెబితే తప్ప. సివిల్ దావా పూర్తిగా మనది. వేసేదీ మనమే, నడిపేదీ మనమే, రాజీపడేదీ మనమే.

డాలస్_తెలుగు
31 అక్టోబర్, ఉదయం 10:12

సార్, ఇది ఇప్పుడే వదినకి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆ పెద్దాయనకి నా నమస్కారం చెప్పు" అంది.

విశాఖ_కెరటం
31 అక్టోబర్, మధ్యాహ్నం 1:20

కళ్లు చెమర్చాయి.

చరిత్ర మీద ఇష్టంతో ఒకటి కలుపుతున్నాను. ఈ రెండు దారుల విభజన మన దగ్గర ఈస్టిండియా కంపెనీ కాలంలో స్థిరపడింది. 1772లో కంపెనీ గవర్నర్ వారన్ హేస్టింగ్స్ బెంగాల్‌లో జిల్లా జిల్లాకూ ఒక దివానీ అదాలతు, ఒక ఫౌజుదారీ అదాలతు పెట్టాడు. ఆస్తి, అప్పు తగాదాలు దివానీకి, నేరాలు ఫౌజుదారీకి. మా తాతగారు ఇప్పటికీ "ఫౌజుదారీ కేసు" అనే అంటారు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టుని "మునసబు కోర్టు" అంటారు, బోర్డు మారి ఎన్నేళ్లయినా. మద్రాసు ప్రెసిడెన్సీలో గ్రామ మునసబుకు కూడా చిన్న చిన్న బాకీ తగాదాలు తీర్చే అధికారం ఉండేది. మన రాష్ట్రంలో కరణం, మునసబు పదవులు 1984లో రద్దయ్యాయి.

మేజిస్ట్రేట్లు కూడా ఒకప్పుడు రెవెన్యూ అధికారులే. పన్ను వసూలు చేసేవాడే శిక్ష వేసేవాడు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లను విడదీసి హైకోర్టు కిందికి తెచ్చింది. మన తహసీల్దారు దగ్గర బైండోవర్ మిగిలిపోయింది ఆ విభజన తర్వాతే. ఇప్పుడు ఆ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. నగరాల్లో ఉండే మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ల తరగతిని కొత్త చట్టం తీసేసింది. సివిల్ వైపు మాత్రం 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడే నడుస్తోంది, సవరణలతో.

తెనాలి_కుర్రాడు
1 నవంబర్, రాత్రి 9:05

ఈ రోజు సెలవు పెట్టి ఊరొచ్చాను. నాన్న, నేను ప్లీడర్ గారిని ఇంటి దగ్గర కలిశాం. ఆయన నోటు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకో మూడు వారాలు ఆగి వచ్చుంటే నేను కాఫీ ఇచ్చి పంపేవాడిని బాబూ" అన్నారు. నాన్న ముఖం చూడలేకపోయాను.

ఇంకో సంగతి బయటపడింది. అప్పు తీసుకున్నప్పుడు ఆయన సంతకం పెట్టి తేదీ వేయని చెక్కు కూడా ఇచ్చాడట, హామీగా. నాన్న మర్చిపోయారు. నోటుతోనే ఉంది. చెక్ బౌన్స్ కేసు వేస్తే త్వరగా వస్తుందని ఎవరో అన్నారు. అది క్రిమినల్ కేసే కదా? అయితే దావా అక్కర్లేదా?

నల్లకోటు
1 నవంబర్, రాత్రి 9:48

ప్లీడర్ గారిని కలిశారు, సంతోషం. చెక్కు గురించి ఆయన సలహా తీసుకోండి, నాకు తెలిసింది చెప్తాను.

చెక్ బౌన్స్ ఒక ప్రత్యేకమైన కేసు. వేసేది మేజిస్ట్రేట్ కోర్టులో, శిక్ష 2 ఏళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జుర్మానా. కానీ దాని మూలం బాకీ. పోలీసులకు ఇందులో పనిలేదు, మీరే ఫిర్యాదు వేయాలి. అంచెలు ఇలా ఉంటాయి: చెక్కును దాని మీద తేదీ నుంచి 3 నెలల్లో బ్యాంకులో వేయాలి. తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజులు ఆయనకు టైం. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోగా కోర్టులో వేయాలి. వీటిలో ఏది దాటినా చిక్కే. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇచ్చినా, అది బాకీకే ఇచ్చాడనే చట్టం అనుకుంటుందని, కాదని రుజువు చేయాల్సింది ఆయనేనని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కానీ చెక్కు ఉందని దావా ఆపొద్దు. చెక్ కేసుకు చట్టరీత్యా వసూలు చేయదగ్గ బాకీ ఉండాలి. నోటుకు కాలదోషం పట్టనిస్తే చెక్కు మీదా అదే ఎదురుదెబ్బ తగులుతుంది. రెండూ ఏకకాలంలో నడపొచ్చు, ఒకదానికొకటి అడ్డం కాదు. దావాకి ముందు లీగల్ నోటీసు పంపడం ఆనవాయితీ, మీకు మిగిలిన ఈ కొద్ది రోజుల్లో దాని జవాబు కోసం మాత్రం కూర్చోవద్దు.

కృష్ణలంక_వాసి
2 నవంబర్, ఉదయం 8:30

తమ్ముడూ, నేను చెప్పిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను. రాత్రి చిన్నాన్నకి ఫోన్ చేసి అడిగాను. ఆయనకి వచ్చింది సగమే, మిగతా సగానికి స్టేషన్‌లో రాసిన కాగితం ఇప్పటికీ ఆయన జేబులోనే ఉందట. దాని మీద ఎవరూ ఏమీ చేయలేదు. నాకు ఈ సంగతి ఇన్నాళ్లూ తెలియదు. దావా వేయండి.

ఒకటి అడుగుతాను. డిక్రీ వచ్చాక కూడా ఆయన కట్టకపోతే?

పాత_బెంచిగుమస్తా
2 నవంబర్, ఉదయం 10:15

మంచి ప్రశ్న వేశారు. సివిల్ వైపు అసలు కష్టం అక్కడే ఉంది. డిక్రీ అంటే డబ్బు కాదు, డబ్బు రాబట్టుకునే హక్కు. కట్టకపోతే ఈపీ వేయాలి, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్. దానికి 12 ఏళ్ల గడువుంది. ఆస్తి జప్తు చేయించవచ్చు, వేలం వేయించవచ్చు, ఉద్యోగి అయితే జీతంలో కొంత పట్టించవచ్చు. కోర్టు ఉద్యోగి అమీనా వెళ్లి తలుపుకు నోటీసు అంటించిన రోజున సగంమంది దిగొస్తారు, అది నేను కళ్లారా చూశాను.

సివిల్ జైలు కూడా ఉంది, కానీ నిజంగా లేనివాణ్ణి పంపడానికి కాదు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు అదే చెప్పారు, పేదరికం నేరం కాదని. చేతిలో ఉండి ఎగ్గొట్టేవాడికే అది.

తెనాలి బాబూ, అందుకే ఒక పని చేయండి. ఆయన పేరు మీద ఏ పొలం, ఏ ఇల్లు ఉందో సర్వే నంబర్లతో సహా ఇప్పుడే తెలుసుకుని ప్లీడర్ గారికివ్వండి. ఆస్తి అమ్మేసే ప్రయత్నంలో ఉన్నాడని ఆధారాలుంటే తీర్పుకు ముందే జప్తు అడగవచ్చు. ఇక లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కాదనకండి. అక్కడి అవార్డుకు డిక్రీకున్న బలం ఉంటుంది, అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది.

ఓరుగల్లు_ఆడబిడ్డ
9 నవంబర్, ఉదయం 7:40

తెనాలి అన్నా, వారం నుంచి నీ దగ్గర్నుంచి మాట లేదు. రోజూ వచ్చి చూస్తున్న. దాఖలు అయ్యిందా? ఇంకా 9 రోజులే.

తెనాలి_కుర్రాడు
12 నవంబర్, రాత్రి 8:55

అందరికీ నమస్కారం. ఆలస్యానికి మన్నించండి.

దావా 6న దాఖలు చేశాం. మొదటిసారి ఆఫీసు వాళ్లు ఒక అభ్యంతరం రాసి తిప్పి పంపారు, నోటు జిరాక్స్ సరిగ్గా కనబడటం లేదని. ఆ రెండు రోజులూ నిద్ర లేదు. కొత్త కాపీ తీయించి మళ్లీ వేశారు. ఈ రోజు ఓఎస్ నంబరు పడింది. సమన్లు పంపుతారట. అందిన 30 రోజుల్లో ఆయన జవాబు దాఖలు చేయాలని, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా సాగవచ్చని ప్లీడర్ గారు చెప్పారు. కోర్టు యాప్‌లో కేసుకిచ్చిన సీఎన్ఆర్ నంబరు కొడితే మా కేసు కనబడుతోంది, వాదిగా నాన్న పేరు ఉంది. చెక్కు సంగతి ఆయనే చూస్తున్నారు.

వకాల్తా మీద సంతకం పెట్టేటప్పుడు నాన్న చెయ్యి కొంచెం వణికింది. బయటికొచ్చాక కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద టీ తాగాం. నాన్న ఇన్నాళ్లూ నోటు దాచిన, ఇప్పుడు ఖాళీ అయిన ప్లాస్టిక్ కవరు జేబులోంచి తీసి మడతపెట్టి మళ్లీ జేబులోనే పెట్టుకున్నారు. "ఇందులో ఇప్పుడు రసీదు పెట్టుకుంటానురా" అన్నారు. రాత్రి అన్నం తిన్నారు.

మొదటి వాయిదా జనవరిలో.